తెల్లని మంచు, తెల్లని తల, నా కుడి కన్ను

మా చర్చి సంఘంలో ఇద్దరమ్మాయిలు ఈమధ్య కెమెరా పనిలో చేరారు. శుక్రవారం, ఇక్కడ సెలవు రోజు, ఆరాధన అయ్యాక నా పక్కకి చేరి, "ఆంటీ, ఏ లెన్సు కొనమంటారు?" అని అడుగుతుంటారు. లెన్సు సంగతి కొట్టువాడు చెబుతాడు. కొట్టువాడు చెప్పనిది ఒకటుంది. ఇరవై ఎనిమిదేళ్ళు బహ్రెయిన్‌లో ఫొటోలు తీసి, చివరి మూడేళ్ళలో నేర్చుకున్నాను. అది తెలుపు గురించి. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో నాకు గొప్ప తెచ్చేది పెద్దగా లేదు.

ఆడవాళ్ళ హాలు

నా పేరు సలోమి. మాది నరసాపురం దగ్గర. నాన్న పాస్టరు. అక్షరాల కంటే ముందు బైబిలు వాక్యాలు నేర్చుకున్న ఇల్లు మాది. పెళ్ళయ్యాక భర్తతో బహ్రెయిన్ రాజధాని మనామా వచ్చాను. ఊళ్ళో మా మేనమామ స్టూడియోలో నేర్చుకున్న పని ఇక్కడ అన్నం పెట్టింది.

ఇక్కడి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ హాలు వేరుగా ఉంటుంది. అక్కడికి మగ ఫొటోగ్రాఫరు రాకూడదు. వచ్చిన చుట్టాల ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే తీసి సంచిలో వేస్తారు. అంతమంది ఆడవాళ్ళలో కెమెరా ఉండేది నా ఒక్కదాని చేతిలోనే. నన్ను పనిలో పెట్టుకున్న స్టూడియో యజమానురాలు ఉమ్ ఖాలిద్. అంటే ఖాలిద్ తల్లి అని. ఇక్కడ పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు. నేను మాత్రం మేడం అనేదాన్ని. ఆవిడ నోట్లో నా పేరు సలమా అయింది.

ఫిల్ము పోయి డిజిటల్ కెమెరా వచ్చిన మొదటిరోజే ఆవిడ ఒక నియమం చెప్పింది. "సలమా, పని అయ్యాక కెమెరాలోని మెమరీ కార్డు పెళ్ళికూతురి తల్లి చేతిలో పెట్టాలి. ఆల్బం తయారయ్యాక కంప్యూటర్లో ఉన్నదంతా ఆవిడ ముందే తుడిచెయ్యాలి. నీ దగ్గర ఒక్కటి మిగిలినా నువ్వు నాకు పనికిరావు. ఇది అమానత్." నమ్మి అప్పగించిన సొత్తు అని అర్థం. నాకు ఆ మాట నచ్చింది. అన్నేళ్ళలో ఒక్క ఫొటో కూడా దాచుకోలేదు. ఈ నియమం గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

పెళ్ళికూతుళ్ళంతా తెల్లగౌన్లే వేసుకుంటారు. దీపాల కింద తెల్ల గుడ్డలోని కుట్టుపూలు ఒక్కొక్కటీ కనపడేలా తియ్యగలదని నాకు పేరొచ్చింది. పేరు వచ్చిన చోటే మనం చూసుకోవడం మానేస్తాం.

రత్నమ్మ బాప్తిస్మం

మా సంఘంలో ఆడవాళ్ళం ఆరాధనకి తెల్లచీరలే కట్టుకుంటాం. నీలిమందు పెట్టి, గంజి పెట్టి, మడత నలగకుండా. మొదటి రోజుల్లో జల్లాఖ్ సముద్రపు ఒడ్డున బాప్తిస్మాలు జరిగాయి. ఇళ్ళలో పనిచేసే రత్నమ్మ ఆ రోజే బాప్తిస్మం తీసుకుంది. తెల్లబట్టలు, తెల్లటి ఇసుక, ఎండకి మెరిసే నీళ్ళు. ఫొటోలు తీసింది నేనే.

ప్రింటు వేస్తే బట్టలు బూడిదరంగులో వచ్చాయి. మనుషుల మొహాలు బొగ్గులా ఉన్నాయి. రత్నమ్మ ఆ ఫొటో ఊరికి పంపింది. నెల తర్వాత వచ్చి చెప్పింది: "సలోమక్కా, మా చెల్లి ఫోన్ చేసింది. మా పిల్ల 'ఇందులో మా అమ్మ ఎవరే' అని దాన్ని అడిగిందంట. పాపాలన్నీ నీళ్ళలో వదిలేశాననుకున్నాను గానీ, అన్నీ లేచొచ్చి నా మొహానికే అంటుకున్నట్టున్నాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి ఏడ్చాను. సముద్రం దాటొచ్చిన మనిషి తన ఇంటికి పంపుకున్న ఒక్క మంచి ఫొటోలో మొహం లేకుండా చేశాను.

ఎందుకలా వచ్చిందో చెబుతాను. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఉంటుంది. ఎదుట ఉన్నదంతా మధ్యస్తంగా, బూడిదరంగులో ఉంటుందని దాని నమ్మకం. తెలుపు ఎక్కువ కనపడితే వెలుగు ఎక్కువైందని కంగారుపడి తగ్గిస్తుంది. తెలుపు బూడిద అవుతుంది, నలుపు బొగ్గవుతుంది. కాబట్టి తెలుపు ముందు నిలబడ్డప్పుడు మీటరు మాట వినకుండా వెలుగు ఒకటి, ఒకటిన్నర మెట్టు పెంచాలి. ఇసుకకీ ఇదే, గౌనుకీ ఇదే, మంచుకీ ఇదే. ఎంత పెంచాలన్నది మాత్రం కన్ను చెప్పాలి. నా కథంతా ఆ కన్ను దగ్గరే ఉంది.

అబూ ఖాలిద్ కోరిక

ఉమ్ ఖాలిద్ భర్త అబూ ఖాలిద్ జీవితమంతా డేగల్ని పెంచినవాడు. నాలుగేళ్ళ క్రితం ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. డేగల్ని ఒక్కొక్కటిగా ఇచ్చేశారు. ఈసా టౌన్‌లోని వాళ్ళింట్లో, మంచానికి ఎదురుగా ఉన్న గోడ ఖాళీగా ఉండేది. ఒకరోజు ఉమ్ ఖాలిద్ స్టూడియోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఆయనకి ఆ గోడ మీదికి తెల్లతల గద్ద ఫొటో కావాలట. అలాస్కాది. మంచుకొండ ముందు ఎగురుతూ ఉండాలట."

"కొనుక్కుంటే దొరుకుతాయి కదా మేడం?"

"నేనూ అదే అన్నాను. మనవాళ్ళు చూసి తెచ్చింది కావాలట. నేను వెళ్తున్నాను. నువ్వు వస్తున్నావు. ఆరు రోజులు."

బయల్దేరే ముందు ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. "రెక్కలు చూసి మురిసిపోకు," అన్నారు. "రెక్కలు కొత్తవాళ్ళు చూస్తారు. డేగని పెంచినవాడు ముందు కన్ను చూస్తాడు. కన్ను కనపడకపోతే అది నా గోడ మీదికి రాదు."

అప్పటికి రెండేళ్ళుగా నా కుడి కంటికి మసక ఉంది. ఫొటో తీసేదీ, రంగు చూసేదీ ఆ కన్నే; ఎడమది చిన్నప్పటినుంచీ సరిగా ఆనదు. దీపం చుట్టూ పొగలాగా వెలుగు కమ్మేది. శుక్లమని నాకు తెలుసు, మా అమ్మకీ వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ప్రార్థన చేస్తున్నాను కదా, వెళ్తే అవిశ్వాసమవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. కన్ను మసకైన ఫొటోగ్రాఫరుని ఎవరు ఉంచుకుంటారు? పని పోతే వీసా పోతుంది. నా భర్త చనిపోయాక మా ఇద్దరు పిల్లల చదువు ఆ వీసా మీదే నడిచింది. తర్వాత వాళ్ళు స్థిరపడ్డారు, భయం మాత్రం నాలో అలాగే ఉండిపోయింది. ఆ భయానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను. నాన్న వింటే పుల్‌పిట్ మీదనుంచే నా పేరు పెట్టి గద్దించేవాడు.

శుక్రవారం సంఘమంతా నా కోసం ప్రార్థన చేశారు. సలోమి పక్షిరాజుని, అంటే బైబిల్లోని గద్దని, చూడబోతోందని పాస్టరుగారు అంటే ఆమెన్ అన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. కన్ను గురించి ప్రార్థించమని అడగడానికి నోరు రాలేదు.

పక్షిరాజు

చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న పక్షిరాజు మేఘాల పైన ఉండేది. అలాస్కాలో మేం దిగిన రేవు ఊళ్ళో పడవల దగ్గర చేపల పేగుల కోసం నలభై గద్దలు కూర్చుని ఉన్నాయి. అరుపు కూడా కోడిపిల్లల కిచకిచలాగే ఉంది.

"ఇదా మీ పుస్తకంలో ఉన్న రాజు?" అంది ఉమ్ ఖాలిద్. "మనామా చేపల మార్కెట్లో పిల్లులు ఇంతకంటే మర్యాదగా ఉంటాయి."

కానీ ఒకటి లేచింది. రేవు దాటి, నీళ్ళ మీదుగా, ఎదుటి కొండ వైపు. కొండంతా మంచు, దాని మీద పొద్దుటి ఎండ. ఆ తెలుపు ముందు ముదురు గోధుమరంగు రెక్కలు తెరుచుకున్నాయి. మా సంఘమే గుర్తొచ్చింది. మేము తెల్లని ఒంటి మీద నల్లని మొహాలం, అది నల్లని ఒంటి మీద తెల్లని తల. రత్నమ్మ ఫొటోలో చేసిన తప్పు చెయ్యకూడదని వెలుగు పెంచాను.

చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి కాబట్టి రెండు స్వెట్టర్ల లోపల పెట్టుకున్నాను. గదిలోకి వెళ్ళేటప్పుడు కెమెరాని సంచిలో మూసి ఉంచి, వెచ్చబడ్డాకే తీశాను. ఆగస్టులో ఏసీ గదిలోంచి బయటికొస్తే లెన్సు మీద చెమ్మ ఎలా కమ్ముతుందో బహ్రెయిన్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇది దానికి తిరగేసిన సంగతి. ఎండ నా వీపు వైపు ఉండేలా నిలబడ్డాను. ఇవన్నీ బాగానే చేశాను. మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీశాను. తెర మీద చూస్తే మంచు మురికిగా, మబ్బుగా కనపడేది. ఇంకొంచెం వెలుగు పెంచేదాన్ని. మళ్ళీ మురికిగానే ఉండేది. ఇంకొంచెం పెంచేదాన్ని. తెర పాడైందేమో అనుకున్నాను. మురికి నా కంటిదని అనుకోవడానికి మనసు ఒప్పుకోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఉమ్ ఖాలిద్ బ్రెడ్డు తింటూ కెమెరా అందుకుంది. బొమ్మని పెద్దది చేసి చూసింది. నమలడం ఆపింది.

"సలమా, దీని తల ఏది?"

"తల అదే కదా మేడం, తెల్లగా."

"తెల్లగా ఉన్నది మంచు. పక్షి మెడ దాకా ఉంది, ఆ పైన ఏమీ లేదు. కన్ను లేదు, ముక్కు కూడా సగమే ఉంది." ఇంకోటి చూసింది. ఇంకోటి. "ఏ ఒక్కదానికీ తల లేదు."

ఇంగ్లీషులో ఆ పక్షిని బట్టతల గద్ద అంటారు. నిజానికి దానికి బట్టతల లేదు, తల నిండా ఈకలే. నేను మూడు రోజుల్లో అన్నిటికీ నిజంగానే బట్టతల చేశాను. చీకటిలో పోయిన వివరం కొంత వెనక్కి తీసుకురావచ్చు. వెలుగులో కాలిపోయింది తిరిగి రాదు. అక్కడ తేవడానికి ఏమీ మిగలదు.

ఇందులో మా అమ్మ ఎవరే అన్న రత్నమ్మ పిల్ల మాట చెవిలో వినపడింది.

"మేడం, నా కుడి కన్ను పనిచెయ్యడం లేదు. రెండేళ్ళుగా."

ఆవిడ కెమెరా ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "రెండేళ్ళా? నా స్టూడియోలో?" అంది.

"శుక్లం. భయమేసింది. పంపించేస్తారేమోనని."

"డాక్టరు ఏమన్నాడు?"

"వెళ్ళలేదు. ప్రార్థన చేస్తున్నాను."

"నేను రోజుకి ఐదుసార్లు నమాజు చేస్తాను," అంది ఆవిడ. "ఆయన్ని డయాలసిస్‌కి కూడా తీసుకెళ్తాను."

అంతకంటే పెద్ద ప్రసంగం నేను వినలేదు. రేపు టిక్కెట్టు మార్చి తీసుకెళ్ళిపోతుందనే అనుకున్నాను. రాత్రి నేను మోకరించాను గానీ మాటలు రాలేదు.

ఇద్దరం కలిసి

మర్నాడు పొద్దున్నే తలుపు తట్టింది. "యల్లా, పద. తియ్యడం నీకు వచ్చు, చూడటం నాకు వచ్చు. చూడాల్సింది ఏంటో చెప్పు."

కెమెరా తెర మీద ఒక చిన్న గ్రాఫు వస్తుంది. చూడటానికి ఇసుకదిబ్బలా ఉంటుంది. ఎడమ పక్క చీకటి, కుడి పక్క వెలుగు. దిబ్బ కుడి గోడకి ఆనితే తెలుపులో వివరం పోతున్నట్టు. అది చూసే అలవాటు నేను ఎప్పుడో మానేశాను, నా కంటి మీద నాకంత నమ్మకం. ఆవిడకి అది నేర్పాను. ఎండలో మెరిసే మంచుని ముందు తీశాను.

"గోడకి తగిలిందా?"

"తగిలింది."

తగ్గించాను. "ఇప్పుడు?"

"గోరంత సందు ఉంది."

అక్కడ ఆపాను. మీటరుకి స్వేచ్ఛ ఇవ్వకుండా ఆ కొలతనే గట్టిగా బిగించాను. ఎగిరే పక్షి ఒక నిమిషం మంచు ముందు ఉంటుంది, మరో నిమిషం నల్లటి అడవి ముందు. వెనక ఏముంటే దానికి తగ్గట్టు మీటరు మారిపోతుంది. పక్షి మీద పడే ఎండ మాత్రం మారదు. ఇది నాకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ఎండ మారినప్పుడల్లా ఆవిడ గోడ చూసి చెప్పేది, నేను చక్రం తిప్పేదాన్ని.

నాలుగో రోజు కాసేపటికే మబ్బు పట్టింది. అయిదో రోజు పక్షులన్నీ దూరంగా ఉండిపోయాయి. ఆరో రోజు మధ్యాహ్నానికి మా విమానం. పొద్దున్న ఎండ వచ్చింది. నేను ప్రతి నిమిషం గడియారం చూస్తున్నాను. ఉమ్ ఖాలిద్ నా చెయ్యి పట్టుకుని గడియారం విప్పి తన జేబులో వేసుకుంది.

అప్పుడొచ్చింది. తక్కువ ఎత్తులో, నీళ్ళ మీదుగా వచ్చి, కొండ ముందు ఒక పక్కకి వాలి తిరిగింది. కింది మంచు వెలుగు పైకి కొట్టి రెక్కల అడుగుభాగం కూడా కనపడింది. మూడు ఫొటోలు పడ్డాయి. నేను తెర చూడలేదు. కెమెరా ఆవిడకి ఇచ్చేశాను.

"మొదటిది కదిలింది." కాస్త ఆగి, "రెండోది..." అని ఊరుకుంది.

"మేడం, చెప్పండి."

"కన్ను ఉంది సలమా. పసుపుపచ్చగా. నిన్నే చూస్తోంది."

"తల మీద ఈకలు?"

"లెక్కపెట్టమంటావా?"

నేను అక్కడే మంచులో కూర్చుండిపోయాను.

గోడ మీద

తిరిగొచ్చాక ఫొటోని నేనే సరిచేసి, రంగులు చూసి, పెద్ద ప్రింటు వేయించాను. ఉమ్ ఖాలిద్ అప్పుడు ఆయనతో ఆస్పత్రిలో ఉంది. గోడకి తగిలించిన రోజు అబూ ఖాలిద్ ఎంతసేపు చూశారో నాకు తెలియదు. నా చీర కొంగు నలిగి ముద్దయింది.

"కన్ను బాగుంది," అన్నారు చివరికి. "నీ కన్ను సంగతేంటి?"

ఉమ్ ఖాలిద్ వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపు చూస్తోంది.

"రేపటి నుంచి డ్యూటీ లేదు," అన్నారాయన. "కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. చూపు వచ్చాక డ్యూటీ."

ఆపరేషన్ అయిన వారానికి వాళ్ళింటికి ఖర్జూరాలు పట్టుకుని వెళ్ళాను. గదిలోకి అడుగుపెట్టి గోడ చూశాను. ఖర్జూరాల పెట్టె ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

మంచు నీలంగా ఉంది. నీలిమందు ఎక్కువైన చీరలా ఉంది. కొండంతా నీలం, పక్షి తల కూడా నీలం.

శుక్లం పట్టిన కన్ను లోకాన్ని పసుపుగా చూపిస్తుందట. ఆ పసుపు పోయేదాకా నేను కంప్యూటర్లో రంగు సరిచేశాను. నా కంటికి తెల్లగా అయింది, అందరికీ నీలమైంది.

"మేడం, ఇది నీలంగా ఉంది. మీరు అక్కడ మంచు చూశారు కదా! ఎందుకు చెప్పలేదు?"

"నీకు తెలియదా అనుకున్నాను," అంది ఉమ్ ఖాలిద్. "తెల్లరంగులో నిన్ను మించినవాళ్ళు లేరని అందరికీ నేనే చెప్పుకున్నాను."

అబూ ఖాలిద్ వైపు తిరిగాను. ఆయన తాపీగా అన్నారు, "నేను ఎప్పుడూ మంచు చూడలేదు. ఇలాగే ఉంటుందనుకున్నాను."

ఆ మాట నన్ను ఇప్పటికీ పడుకోనివ్వదు. మంచు ఎరగని మనిషి నన్ను నమ్మి ఇన్నాళ్ళు దొంగ మంచు చూశాడు. మరుసటి వారమే ఉమ్ ఖాలిద్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రంగు సరిచేసి కొత్త ప్రింటు తగిలించాను. ఆయన దాన్ని చూసి, "ఓహో, ఇదా తెలుపు!" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నాకు అప్పటికే ఇంకో ఆలోచన వచ్చేసింది.

ఆ రెండేళ్ళలో నేను తీసిన పెళ్ళిళ్ళు. ఆ ఆల్బంల రంగులన్నీ సరిచేసింది ఆ కన్నే. భర్త జబ్బు మూలంగా ఉమ్ ఖాలిద్ అప్పుడు స్టూడియోకి అంతగా రాలేదు. తిరిగి చూసుకుందామంటే నా దగ్గర ఒక్క కాపీ లేదు. నియమం ప్రకారం అన్నీ తుడిచేశాను.

"వదిలెయ్, ఖలాస్, అయిపోయింది," అంది ఉమ్ ఖాలిద్. "ఎవరూ అడగలేదు కదా."

"రత్నమ్మ కూడా నన్ను అడగలేదు మేడం. నవ్వింది."

ఆవిడ సొరుగు లాగి ఫోను నంబర్ల పుస్తకం నా ముందు పెట్టింది.

పోయిన ఏడాది రిటైరయ్యాను. మా అమ్మాయి వీసా మీద ఇక్కడే ఉన్నాను. ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి, ఆల్బం ఒకసారి చూడనిస్తారా అని అడుగుతున్నాను. మొదటిసారి జల్లాఖ్‌లో ఒక ఇంటికి వెళ్ళాను. పెళ్ళికూతురు ఇప్పుడు చంకలో బిడ్డతో ఉంది. "తెల్లగానే ఉంది ఆంటీ, మీకెందుకీ బెంగ?" అంటూ ఆల్బం తెరిచింది. నా కళ్ళని నేనిప్పుడు నమ్మను. ఆరాధనకి కట్టుకునే చీర కట్టుకునే వెళ్ళాను. కొంగు తీసి, పేజీ మీద ఆమె గౌను పక్కన పరిచాను.

ఆ అమ్మాయి వంగి చూసింది. బిడ్డని ఇంకో చంకలోకి మార్చుకుని మళ్ళీ చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, పెళ్ళయ్యాక నేను వాళ్ళమ్మ చేతిలో పెట్టిన కార్డు తెచ్చి, సరిచెయ్యమని నా చేతిలో పెట్టింది.

ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి. నాలుగు నంబర్లు మోగుతున్నాయి గానీ ఎవరూ ఎత్తడం లేదు. చీర ఉతికి ఆరేశాను. ఈసారి నీలిమందు పెట్టలేదు.